చివరి మడికి అందిందా?

మా ఇంట్లో భోజనాల వేళ నాన్న తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. "చివరి మడికి అందిందా?" అని. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇదేదో మడీ ఆచారాల సంగతి కాబోలనుకుని, కంగారుపడి కాళ్ళు కడుక్కోవడానికి లేచేవాళ్ళు! సంగతి అది కాదు. బంతిలో చివర కూర్చున్నవాళ్ళ విస్తట్లోకి కూర వెళ్ళిందా లేదా అని నాన్న అడుగుతున్నారన్నమాట. వాళ్ళకు వడ్డించాకే ఆయన ముద్ద కలిపేవారు. జీవితంలో సగభాగం కాలువ నీళ్ళతో కాపురం చేసిన మనిషి కదా, ఆయన భాషంతా పొలాల భాషే.

నాన్న 2023 సెప్టెంబరులో, ఇక్కడ క్లేటన్‌లో మా ఇంట్లోనే, నిద్రలో వెళ్ళిపోయారు. 92 ఏళ్ళ నిండు జీవితం. అయినా తండ్రి పోయిన బాధకు వయసుతో పనేముంది? మన పత్రికకు ఆయన గురించి రాయమని మిత్రులు అడిగినప్పుడు చాలా రోజులు తటపటాయించాను. ఆయన పెద్ద పదవులు చేయలేదు. ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. కానీ మన పిల్లలకు చెప్పదగ్గ సంగతి ఒకటి ఆయన జీవితంలో ఉంది. అది ఆయన మంచితనం గురించే కాదు, ఆయన చేసిన ఒక పొరపాటు గురించి, దాన్ని ఒప్పుకున్న తీరు గురించి కూడా.

జొన్నకూటి సీమ

నాన్న 1931లో పలనాటిలో, మాచర్లకు దగ్గర్లోని ఒక చిన్న పల్లెలో పుట్టారు. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా. పలనాడంటే మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తుకొస్తాయి. నాన్నకు మాత్రం నీళ్ళకోసం నడిచిన నడక గుర్తుకొచ్చేది. శ్రీనాథ మహాకవి పలనాటి జొన్నకూడును వెక్కిరిస్తూ చాటువులు చెప్పాడంటారు. "ఆయనకేం, విందులు తినే కవి. మాకు ఆ జొన్నలు పండితే పండగే" అనేవారు నాన్న. వరి అన్నం సంక్రాంతికీ, పెళ్ళిళ్ళకూ మాత్రమే. కృష్ణమ్మ పక్కనుంచే పోతుంది. కానీ లోయలో పోతుంది. పైనున్న చేలకు చుక్క ఎక్కదు. నదిని కళ్ళారా చూస్తూ దాహంతో బతకడం ఎలా ఉంటుందో పిల్లలూ, ఒక్కసారి ఊహించండి.

నాన్న స్కూలు ఫైనలు పాసయ్యారు. ఆ ఇంట్లో అదే మొదటి పెద్ద చదువు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిననాడు నాన్న కూడా ఆ జనంలో ఉన్నారు. అప్పటికాయన వయసు 24. ఉపన్యాసం సరిగా వినపడలేదట. "వినపడకపోతేనేం, ఎందుకొచ్చారో తెలుసుగా" అనేవారు. కొన్ని నెలలకే ఆయనకు ఆ ప్రాజెక్టులో పని దొరికింది. మొదట హాజరు పట్టీ రాసే పని, తర్వాత వర్క్ ఇన్‌స్పెక్టరు.

సాగర్ కట్ట మీద

నేను 1963లో ఆ కట్ట పక్కనే, కుడిగట్టున విజయపురి సౌత్‌లో పుట్టాను. ఎడమగట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, ఇటు మా విజయపురి. ఇవన్నీ డ్యామ్ కట్టేవాళ్ళ కోసం వెలసిన ఊళ్ళే.

సాగర్ సిమెంటు కాంక్రీటు ముద్ద కాదు. రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట. ఎత్తు సుమారు 124 మీటర్లు, రాతికట్టడం పొడవు సుమారు కిలోమీటరున్నర. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. తలమీద తట్టలు, భుజాన కావిళ్ళు, బారులు తీరిన ఆడా మగా. నాన్న పని ఆ కట్టడంలో రాళ్ళ సందుల్లో గచ్చు నిండా పడిందా లేదా చూడడం. సన్నని ఇనుప చువ్వతో గుచ్చి చూసేవారట. బోలుగా ఉన్నచోట రాయి పీకించి మళ్ళీ పెట్టించేవారు. ఒక కాంట్రాక్టరు మనిషి ఓ రాత్రి మా ఇంటికి మిఠాయి బుట్ట తెచ్చాడనీ, నాన్న ఆ బుట్టను అలాగే పనివాళ్ళ పిల్లలకు పంచేసి, మర్నాడు అదే రాయిని మళ్ళీ పీకించారనీ అమ్మ చెప్పేది.

అదే సమయంలో మరో పని కూడా జరిగింది. మునిగిపోబోయే లోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండిన నాగార్జునకొండలో, 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. బయటపడిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. ఆ కొండే తర్వాత జలాశయం మధ్య దీవి అయింది. కొన్ని కట్టడాలను అనుపు దగ్గర రాయికి రాయి జోడించి మళ్ళీ నిలబెట్టారు. "ఊరు మునిగినా ఉనికి మునగనివ్వలేదు చూడు" అనేవారు నాన్న. లోయలోని పల్లెల జనం మాత్రం ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన కాసేపు మౌనంగా ఉండేవారు. ఒకరి ఊరు మునిగితేగాని ఇంకొకరి చేను తడవలేదన్న సంగతి ఆయన మరిచిపోలేదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. నాకు నాలుగేళ్ళు. నాన్న భుజాల మీద కూర్చుని చూశానట. నాకు గుర్తున్నదల్లా ఒక పెద్ద హోరు, నాన్న తల గట్టిగా పట్టుకున్న నా చేతులకు తగిలిన చెమట.

కాలువ మనిషి

ఆ తర్వాత నాన్న కుడికాలువ మీదికి మారారు. జవహర్ కాలువ అని దాని పేరు. 203 కిలోమీటర్ల పొడవున ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టభూముల్లోకి వెళ్తుంది. పెద్దకాలువ నుంచి బ్రాంచి కాలువలు, వాటి నుంచి మేజర్లు, మైనర్లు, చివరికి పిల్లకాలువలు. మన ఒంట్లో రక్తనాళాల్లాగే అనుకోండి పిల్లలూ.

కాలువకు తల దగ్గర పొలం ఉన్నవాడికి నీళ్ళు ఎప్పుడూ పుష్కలం. తోవలో కొంత నేలలోకి ఇంకిపోతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది, ఇంకొంత పైవాళ్ళు తమ వాటాకు మించి పెట్టుకుంటారు. అందరూ పెట్టుకోగా మిగిలిందే చివరివాడికి. అందుకే తూములు ఎత్తే లస్కర్లతో కలిసి నాన్న రాత్రిళ్ళు సైకిలు మీద, చేతిలో టార్చిలైటుతో గట్టు వెంబడి తిరిగేవారు. ఎవరో రాత్రికి రాత్రి గట్టుకు గండి కొట్టేవాళ్ళు. అడిగినందుకు ఒకసారి చెయ్యి విరగ్గొట్టారు కూడా. కట్టుతోనే మూడోరోజు మళ్ళీ గట్టెక్కారు.

1974లో నాన్న రెండెకరాలు కొన్నారు. ఎక్కడో తెలుసా? ఒక మైనరు కాలువ చిట్టచివర! అమ్మ నెత్తి కొట్టుకుంది. "కాలువలో ఉద్యోగం చేసే మనిషి ఎవరన్నా కాలువ చివర పొలం కొంటారా?" అని. నాన్న జవాబు నాకిప్పటికీ నోటికొచ్చు. "తలదగ్గర కొంటే నా పొలానికే నీళ్ళు మళ్ళించుకున్నానంటారు. చివర కొంటే, నా చేను తడిసిందంటే కాలువ మొత్తం తడిసినట్టే." ఆ చేను సగం ఏళ్ళు సరిగా పండలేదు. అమ్మ ఆ సంగతి చివరిదాకా దెప్పుతూనే ఉంది. న్యాయమే. నీతి నాన్నది, గిద్దెడు బియ్యం లెక్క చూసుకునే పని అమ్మది.

నింపని దరఖాస్తు

ఇప్పుడు ఆ పొరపాటు సంగతి చెప్పాలి.

మేమిద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని. లెక్కలంటే ప్రాణం. 1980లో ఇంటర్ మంచి మార్కులతో పాసై ఇంజనీరింగ్ కాలేజీ దరఖాస్తు తెప్పించుకున్నాను. సివిల్ చదవాలని. నాన్న లాగా కట్ట మీద నిలబడాలని. నాన్న ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఆడపిల్లకు సైటు పని ఎందుకమ్మాయ్? ఎండలో, మగవాళ్ళ మధ్య...." అని మడతపెట్టి అలమరలో పెట్టేశారు. తిట్టలేదు, కొట్టలేదు. అంతే. నేను గుంటూరులో బీఎస్సీ చదివాను. ఆ తర్వాత పెళ్ళి, 1991లో మెల్బోర్న్, ఇక్కడ లెక్కల టీచరు ఉద్యోగం. జీవితం బాగానే సాగింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ మడతపెట్టిన కాగితం నా మనసులో ఒక మూల అలాగే ఉండిపోయింది. ఆ మాట మేమిద్దరం 37 ఏళ్ళు ఎత్తుకోలేదు.

క్లేటన్‌లో తాతయ్య

అమ్మా నాన్నా మొదటిసారి 1998లో వచ్చారు. కూతురి ఇంట్లో ఊరికే తినకూడదని నాన్న పట్టుదల. నెల మొదటి రోజున పూజగదిలో ఒక కవరు పెట్టేవారు, 'భోజనం ఖర్చు' అని రాసి! మావారు ఆ కవరును తిరిగి ఆయన సూట్‌కేసులో పెట్టేవారు. ఆరు నెలలూ ఆ కవరు అలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఓ రోజు వంద డాలర్ల నోటు చేతికొస్తే, దాని మీది బొమ్మ ఎవరిదని అడిగారు. సర్ జాన్ మొనాష్ అని చెప్పాను. మన క్లేటన్‌లోని యూనివర్సిటీకీ, మన కౌన్సిలుకూ ఉన్న పేరు ఆయనదే. మొదటి ప్రపంచ యుద్ధంలో సేనాని అని అందరికీ తెలుసు. కానీ అంతకుముందు ఆయన సివిల్ ఇంజనీరు, విక్టోరియాలో తొలినాళ్ళలో కాంక్రీటు వంతెనలు కట్టినవాడు. యుద్ధం తర్వాత రాష్ట్ర విద్యుత్ సంస్థను నడిపాడు. "నోటు మీద ఇంజనీరు బొమ్మ వేశారా! మంచి దేశమే" అని నాన్న మురిసిపోయారు. మొనాష్ 1931లో చనిపోయాడని తెలిశాక, "ఆయన పోయిన ఏడే నేను పుట్టాను" అని క్లేటన్ రోడ్డులో దుకాణం నడిపే గ్రీకు పెద్దాయనకు కూడా చెప్పొచ్చారు. ఏ భాషలో చెప్పారో మరి!

మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. పెరట్లో ఇసుకతో వాడికి డ్యామ్ కట్టి చూపించేవారు. "కింద లావుగా, పైన సన్నగా కట్టాలిరా. నీళ్ళు ఎంత లోతుంటే అంత గట్టిగా తోస్తాయి. గోడ తన బరువుతోనే నిలబడాలి" అని. ఆనకట్టల శాస్త్రంలో మొదటి పాఠం అదే.

2008లో అమ్మ పోయింది. చెల్లెలిది బ్యాంకు ఉద్యోగం, మూడేళ్ళకో బదిలీ. 2009లో నాన్నను ఇక్కడికి తెచ్చేసుకున్నాం. అప్పుడు విక్టోరియా దీర్ఘమైన కరువులో ఉంది. ఆ జూన్ నాటికి నగర జలాశయాల్లో నీళ్ళు నాలుగో వంతుకు దగ్గరగా పడిపోయాయి. మనిషికి రోజుకు 155 లీటర్లు దాటవద్దని ప్రభుత్వం ప్రచారం చేసేది. ఆ రోజులు ఇక్కడి పాతకాపులకు గుర్తుండే ఉంటాయి. నాన్నకు పని దొరికినట్టయింది! స్నానాల గదిలో బకెట్టు, వంటింట్లో తొట్టి, బియ్యం కడిగిన నీళ్ళు నిమ్మచెట్టుకు. మా అబ్బాయి తలుపు తట్టి మరీ "తాతయ్యా, నాది 100 లీటర్లే" అని లెక్క చెప్పేవాడు.

ఒక ఆదివారం కార్డీనియా జలాశయం చూపించడానికి తీసుకెళ్ళాం. అది మట్టీ రాళ్ళూ పోసిన కట్ట. దాని మీద నడుస్తూ లెక్కలు వేశారు. నిండితే 287 బిలియన్ లీటర్లు, అంటే పది టీఎంసీలు. మెల్బోర్న్‌కున్న పది జలాశయాలూ కలిపితే 64 టీఎంసీలు. సాగర్ ఒక్కటే 312! "అయినా వీళ్ళ పొదుపు మనకు రాలేదమ్మాయ్" అన్నారు, కంగారూల వంక చూస్తూ.

రోజూ ఉదయం కాఫీ తాగుతూ కంప్యూటర్లో ఆయన చూసే మొదటి వార్త సాగర్ నీటిమట్టం. నిండు మట్టం 590 అడుగులు. "ఇవాళ 541" అంటే మాకు ఆయన మనసు బాగాలేదని అర్థం. 2009 అక్టోబరులో కర్నూలు మునిగి, శ్రీశైలానికి ఎన్నడూ రానంత వరద వచ్చినప్పుడు రెండు రాత్రులు నిద్రపోలేదు. వరద సాగర్ దాటి పోయాక మాత్రం, "రాయి కదల్లేదు" అని ఒక్క మాట అని, దుప్పటి ముసుగేసి మధ్యాహ్నం దాకా పడుకున్నారు.

రైలు గేటు దగ్గర

క్లేటన్ రోడ్డు మీద రైలు గేటు ఎంత విసిగించేదో మీకందరికీ తెలుసు. దాన్ని తీసేసి, పట్టాలను స్తంభాల మీదికి ఎత్తే పని జరిగినప్పుడు, 86 ఏళ్ళ నాన్నకు రోజూ అదే కాలక్షేపం. చేతికర్ర, మంకీ క్యాప్, జేబులో వేరుశనగపప్పు. కంచె పక్కన నిలబడి గంటలకొద్దీ చూసేవారు. అక్కడి పనివాళ్ళు ఆయనకు చెయ్యి ఊపేవాళ్ళు.

2017లో ఒక సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాఫీ ఇస్తే తాగలేదు.

"అమ్మాయ్, ఇవాళ అక్కడ పెద్ద దూలం ఎత్తారు. క్రేను నడిపేవాడికి చెయ్యి చూపించి పని చేయించింది ఒక ఆడపిల్ల. నారింజరంగు చొక్కా, నెత్తిన టోపీ. అంతమంది మగాళ్ళూ ఆ పిల్ల చెయ్యి కిందికి దించేదాకా కదల్లేదు."

నేనేమీ మాట్లాడలేదు.

"ఆ కాగితం నేను నింపనివ్వాల్సింది" అన్నారు. "ఊళ్ళో చివరి మడికి నీళ్ళు అందాయా అని రాత్రిళ్ళు తిరిగాను. మా ఇంట్లో చివరి మడి నువ్వేనని నాకు తట్టలేదు. తప్పు చేశానమ్మా."

నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను. లోపలినుంచి ఆయన గొంతు: "నీళ్ళు పోతున్నాయి, కట్టెయ్!" ఇద్దరం ఒకేసారి నవ్వాం.

2018లో కొత్త స్టేషను తెరిచాక, మొదటి వారంలోనే ఇద్దరం పైకెక్కి నిలబడ్డాం. అక్కడినుంచి మన క్లేటన్ ఇళ్ళ కప్పులన్నీ కనిపిస్తాయి. "మంచి పని" అన్నారు నాన్న. ఆయన అంతకుమించి ఎవరినీ పొగిడినట్టు నాకు గుర్తులేదు.

మూడు వాక్యాల వీలునామా

నాన్న పోయాక ఆయన డైరీలో ఒక కాగితం దొరికింది. '1. పెద్దమ్మాయి తలకొరివి పెట్టాలి. పాలివాళ్ళను వెతకవద్దు. 2. అస్థికలు నదిలో కలపండి, కాలువలో వద్దు. కాలువ నీళ్ళు జనం తాగుతారు. 3. పొలం అమ్ముకోవాలంటే ముందు సాగు చేసేవాణ్ణి అడగండి.'

ఊరినుంచి ఫోన్లు వచ్చాయి. "ఆడపిల్ల చేయడమేమిటి, అక్కడ మనవాళ్ళ మగపిల్లాడు ఎవరూ దొరకలేదా?" అని. వాళ్ళను నేను తప్పుపట్టను. ఒకప్పుడు నాన్నా అలాగే అనుకున్న మనిషే. ఆ కాగితం ఫొటో తీసి పంపాను. ఇంకెవరూ మాట్లాడలేదు. స్ప్రింగ్‌వేల్ శ్మశానవాటికలో నేనే కర్మ చేశాను. పురోహితుడు గారు మంత్రం చెబుతూ, నా గొంతు వణికినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పించారు.

2023లో కృష్ణకు వరద సరిగా రాలేదు. అస్థికలతో ఆగాం. మరుసటి ఏడు, 2024 ఆగస్టులో, సాగర్ నిండి గేట్లు ఎత్తారు. చెల్లెలూ నేనూ వెళ్ళాం. విజయపురిలో మా క్వార్టరు ఉన్నచోటు పోల్చుకోలేకపోయాం. కానీ ఆ హోరు మాత్రం అదే. నాన్న భుజం మీదినుంచి విన్న హోరు. అక్కడినుంచి అమరావతి వెళ్ళి, అమరలింగేశ్వరుడి గుడి పక్క రేవులో అస్థికలు కలిపాం.

పొలం సంగతి. ముప్పై ఏళ్ళుగా కౌలు చేస్తున్నాయన్నే ముందు అడిగాం. "కొనాలనే ఉందమ్మా, ఒక్కసారిగా ఇవ్వలేను" అన్నాడు. బయట ఇంకా ఎక్కువ ధర వచ్చేది. చెల్లెలూ నేనూ ఒక రాత్రంతా వాదించుకున్నాం. చివరకు ఆయనకే, వాయిదాల మీద ఇచ్చాం. మొదటి వాయిదాతో పాటు ఒక బస్తా బియ్యం చెల్లెలింటికి పంపాడు. ఆ చేనువే.

నాన్న సంవత్సరీకం నాడు క్లేటన్‌లో మా ఇంట్లో నలభైమందికి భోజనాలు పెట్టాం. మా అబ్బాయి ఇంజనీరు కాలేదు, వంటవాడయ్యాడు, ఒక రెస్టారెంటులో చెఫ్. వడ్డన వాడే చూశాడు. ఎవరూ చెప్పకుండానే పప్పు గిన్నె పట్టుకుని నేరుగా వెనకవరస చివర, పిల్లలు కూర్చున్న చోటికి వెళ్ళాడు. అక్కడినుంచి ముందుకొచ్చాడు.

పిల్లలూ, మీ తాతయ్యలూ అమ్మమ్మలూ ఇక్కడికి వచ్చినప్పుడు, లేదా ఫోన్లో దొరికినప్పుడు, వాళ్ళు ఏ పని చేశారో అడగండి. ఏం సంపాదించారని కాదు, రోజూ పొద్దున్న లేచి ఏం చేసేవారని అడగండి. పెద్దలూ, మీ పిల్లల విషయంలో మడతపెట్టి అలమరలో పెట్టిన కాగితం ఏదన్నా ఉంటే, ఇప్పుడైనా తీయండి. మా నాన్నకు 37 ఏళ్ళు పట్టింది. ఆలస్యమే. అయినా అందింది.